ప్లేనోలో ఇల్లు అమ్ముతున్నాం, ముందు తలుపు, గ్యారేజ్ డోర్ మారిస్తే నిజంగా రేటు పెరుగుతుందా?

గుంటూరు_టు_ప్లేనో

అందరికీ నమస్తే. టెక్సాస్‌లో, డాలస్ పక్కన ప్లేనోలో మా ఇల్లు 1997లో కట్టింది, ఇటుక గోడలు, నాలుగు బెడ్‌రూములు. మేం కొనుక్కుని పదేళ్ళు దాటింది. వచ్చే మార్చిలో అమ్మకానికి పెట్టి ప్రాస్పర్ వైపు వెళ్ళిపోదామని ప్లాన్. మా రియల్టర్ వచ్చి ఇల్లంతా తిరిగి చూసి, కిచెన్ జోలికి వెళ్ళకండి, ముందు తలుపూ గ్యారేజ్ డోరూ మార్చండి చాలు, పెట్టినదానికి రెండింతలు వస్తుంది అన్నాడు. నేను నమ్మలేదని ఒక రిపోర్ట్ కూడా తీసి చూపించాడు, కాస్ట్ వర్సెస్ వాల్యూ అని. 2024 లెక్కల్లో గ్యారేజ్ డోర్‌కి 4,513 డాలర్లు పెడితే ఇంటి విలువ 8,751 డాలర్లు పెరుగుతుందట, అంటే 194 శాతం. స్టీల్ ముందు తలుపుకి 188 శాతం. 2025 రిపోర్ట్‌లో అయితే గ్యారేజ్ డోర్ ఏకంగా 268 శాతం. ఇదే నిజమైతే ఉద్యోగాలు మానేసి ఊళ్ళో అందరి గ్యారేజ్ డోర్లూ మార్చుకుంటూ బతికేయొచ్చు కదా!

మా పరిస్థితి ఇదీ. ముందు తలుపు చెక్కది, మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో డిజైన్ గ్లాస్, పడమర ముఖం. ఎండకి కింది సగం పాలిష్ పోయి తెల్లబారింది, వేసవిలో పట్టేస్తుంది కూడా, భుజంతో తోయాలి. గ్యారేజ్ డోర్ 16 అడుగులది, ఇల్లు కట్టినప్పటిదే. రెండు ప్యానెళ్ళ మీద వడగళ్ళ సొట్టలు, తెరిస్తే చుట్టుపక్కల అందరికీ వినపడుతుంది. కొటేషన్లు తీసుకున్నాను: ఇన్సులేటెడ్ గ్యారేజ్ డోర్ 3,600, స్టీల్ ముందు తలుపు 2,700. ఇంకో అతను ఐరన్ అండ్ గ్లాస్ డబుల్ డోర్ పెట్టుకోండి సార్, ఇల్లు లుక్కే మారిపోతుంది అని 9,800 చెప్పాడు. మా ఆవిడకి అది తెగ నచ్చేసింది, నాకు రేటు వినగానే కళ్ళు తిరిగాయి.

అమ్మేసే ఇంటికి ఈ ఖర్చు దండగా కాదా? ఈ మధ్య అమ్మినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

లెక్కల_పంతులు

అన్నా, ఆ రిపోర్ట్ అందరూ చూపిస్తారు, దాన్ని ఎలా తయారు చేస్తారో ఎవరూ చెప్పరు. అమ్ముడైన ఇళ్ళని తీసుకుని, కొత్త గ్యారేజ్ డోర్ ఉన్నవి ఇంతకి పోయాయి, లేనివి ఇంతకి పోయాయి అని పోల్చిన లెక్క కాదది. ఫలానా పని ఇంత ఖర్చుతో చేయిస్తే ఇంటి విలువ ఎంత పెరగొచ్చో చెప్పండి అని రియల్ ఎస్టేట్ వాళ్ళని అడిగి, వాళ్ళు చెప్పిన అంచనాలు తీసుకుంటారు. అంతే. వాళ్ళ అంచనా తప్పని నేననను, రోజూ ఇళ్ళు అమ్మేవాళ్ళే కదా. కానీ అంచనా వేరు, మీ చేతికొచ్చే చెక్కు వేరు.

ఒకసారి వరసగా చూడండి. అదే రిపోర్ట్‌లో గ్యారేజ్ డోర్ 2022లో 93 శాతం, 2023లో 103, 2024లో 194, 2025లో 268. స్టీల్ ముందు తలుపు 2022లో 64 శాతం, 2023లో 101, 2024లో 188, 2025లో 216. మూడేళ్ళలో తలుపులు మూడింతలు గొప్పవైపోయాయా? అదే రేకు, అవే పట్టాలు. మారింది జనాల అంచనాలు. పైగా రియల్టర్ల సంఘం వాళ్ళదే 2025 రీమోడలింగ్ రిపోర్ట్ ఇంకోటుంది, అందులో స్టీల్ ముందు తలుపుకి వెనక్కొచ్చేది 100 శాతం అని రాశారు. ఒకే తలుపుకి ఒకే ఏడాది ఒకరు 216 అంటే ఇంకొకరు 100 అంటున్నారు. ఏది నమ్ముతారు?

ఇంకో సంగతి, శాతం చూసి మోసపోతాం. స్టీల్ తలుపు 2024 లెక్కలో ఖర్చు 2,355 డాలర్లు, వచ్చేది 4,430. అంటే లాభం రెండు వేల చిల్లర. మీ ఇల్లు ఎంత లేదన్నా 5 లక్షల డాలర్ల పైమాటే కదా, బయ్యర్ ఇచ్చే ఒక్క కౌంటర్ ఆఫర్‌లో అంతకంటే ఎక్కువ అటూ ఇటూ అవుతుంది. బయ్యర్ లోన్ కోసం బ్యాంకు పంపే అప్రైజర్ కూడా చుట్టుపక్కల ఈ మధ్య అమ్ముడైన ఇళ్ళు చూసి రేటు కడతాడు, కొత్త గ్యారేజ్ డోర్‌కి నాలుగు వేలు కలుపు అని అతని ఫారంలో గడేమీ ఉండదు.

ఆ 9,800 ఐరన్ డోర్‌కి ఈ శాతాలు అసలు వర్తించవు. రిపోర్ట్‌లో ఉన్నది మామూలు 3 అడుగుల స్టీల్ తలుపు, సగం గ్లాస్‌ది. పెద్ద ఫైబర్‌గ్లాస్ ఎంట్రన్స్‌కి 2024లో వేరే లైన్ ఉంది, ఖర్చు 11 వేల పైన, తిరిగొచ్చేది 97 శాతం. దాంట్లోనే నష్టం ఉంటే ఐరన్ సంగతి మీరే ఊహించుకోండి. వదినగారికి కొత్త ఇంట్లో పెట్టించండి.

ఫ్రిస్కో_రియల్టర్_అక్క

నేను ఫ్రిస్కో, ప్లేనో, అలెన్ ఏరియాల్లో ఇళ్ళు అమ్ముతాను, ఎక్కువమంది మనవాళ్ళే క్లయింట్లు. పంతులు గారు చెప్పింది లెక్క ప్రకారం కరెక్టే కానీ బయ్యర్లు లెక్క ప్రకారం కొనరండి. మొదట ఫోన్‌లో ఫోటో చూస్తారు. లిస్టింగ్‌లో మొదటి ఫోటో ఇంటి ముందు భాగం, అది నచ్చకపోతే వేలితో పక్కకి తోసేస్తారు, మీ కిచెన్ దాకా రానే రారు. తలుపు ఇంటి రేటు పెంచుతుందని నేను ఎవరికీ చెప్పను. చూడ్డానికొచ్చేవాళ్ళని పెంచుతుంది అని చెప్తాను. పదిమంది వస్తే ఇద్దరు ఆఫర్ పెడతారు, ఇద్దరు పెడితే రేటు దానంతటదే నిలబడుతుంది. ముగ్గురే వస్తే మీరు రేటు తగ్గించుకుంటూ కూర్చోవాలి.

ఇంకోటి, షోయింగ్‌కి వచ్చినప్పుడు ఏజెంట్ లాక్‌బాక్స్ (తాళంచెవి పెట్టి ఉంచే పెట్టె) తీసి తాళం తిప్పేదాకా బయ్యర్ ఫ్యామిలీ మొత్తం ఆ తలుపు ముందే నిలబడి ఉంటుంది, చూడ్డానికి వాళ్ళకి వేరే ఏమీ ఉండదు. అది భుజంతో తోస్తే గానీ తెరుచుకోలేదంటే, ఇంకేమేం రిపేర్లు ఉన్నాయో అనే అనుమానంతోనే లోపలికి అడుగు పెడతారు.

కానీ అసలు ప్రశ్న మీరు ఎక్కడా చెప్పలేదు, మీ రియల్టర్ కూడా ఆలోచించినట్టు లేడు. గ్యారేజ్ ఇంటి ముందుందా, వెనకుందా? ప్లేనోలో 90లలో కట్టిన ఇళ్ళు చాలా వెనక సందులోంచి గ్యారేజ్ ఉన్నవే.

గుంటూరు_టు_ప్లేనో

అక్కా, వెనకే. సందులోంచి. ఇది చెప్పాలని నాకు తట్టనే లేదు.

ఫ్రిస్కో_రియల్టర్_అక్క

చూశారా! అయితే గ్యారేజ్ డోర్ విషయంలో ఆ 194 శాతం, 268 శాతం అన్నీ మర్చిపోండి. ఆ అంచనాల వెనక మనసులో ఉండేది ముందు వైపు గ్యారేజ్ ఉన్న ఇల్లే, అక్కడ ఇంటి ముఖంలో మూడో వంతు గ్యారేజ్ డోరే కనపడుతుంది కాబట్టి అది మారిస్తే ఇల్లే మారినట్టుంటుంది. మీ ఇంటికి ఆ డోర్‌ని చూసేది సందులో చెత్తబండి వాడూ, వెనకింటి వాళ్ళూ. అది చక్కగా పనిచేస్తే చాలు, అందంగా ఉండక్కర్లేదు. ఫ్రిస్కోలోనో సెలీనాలోనో ముందు గ్యారేజ్ ఉన్న ఇల్లయి ఉంటే సొట్టలు పడ్డ డోర్ మార్చమనే చెప్పేదాన్ని, అనుమానమే లేదు.

ఆ మిగిలే డబ్బు ముందు తలుపు మీదా, లాన్ మీదా, వాకిట్లో లైట్ మీదా పెట్టండి.

పాత_ఇళ్ళ_పిచ్చి

అక్క చెప్పినదాంట్లో "చక్కగా పనిచేస్తే చాలు" అన్న ముక్క దగ్గర ఆగండి. నేను రిచర్డ్‌సన్‌లో పాత ఇళ్ళు కొని బాగుచేయించి అమ్ముతుంటాను. టెక్సాస్‌లో బయ్యర్ ఆప్షన్ పీరియడ్‌లో (కొనాలా వద్దా తేల్చుకునే గడువులో) ఇన్‌స్పెక్టర్‌ని తీసుకొస్తాడు కదా, అతను నింపే స్టేట్ ఫారంలో గ్యారేజ్ డోర్ ఓపెనర్‌కి విడిగా ఒక లైనే ఉంది. అక్కడ లోపం అని టిక్కు పడితే బయ్యర్ దాన్ని పట్టుకుని రేటు తగ్గించమంటాడు. మీరు ముందే 300 పెట్టి చేయించుకునే పనికి వాడు 2,000 అడుగుతాడు, మన మార్కెట్ అంతే.

మీరే ఇంట్లో చూసుకోవచ్చు. డోర్ మూసి ఉన్నప్పుడు ఓపెనర్‌కి వేలాడే ఎర్ర తాడు లాగండి, మోటార్ విడిపోతుంది. చేత్తో సగం దాకా ఎత్తి వదిలితే డోర్ అక్కడే నిలబడాలి. దబ్బున కిందకి పడుతోంటే స్ప్రింగుల్లో పస లేదన్నమాట, కాళ్ళు దగ్గర పెట్టుకోకండి. తర్వాత నేల మీద రెండు అంగుళాల మందం చెక్క పడుకోబెట్టి బటన్‌తో మూయండి, చెక్కకి తగలగానే డోర్ వెనక్కి లేవాలి. రెండు పక్కలా నేలకి ఆరు అంగుళాల లోపు ఎత్తులో చిన్న సెన్సర్ కళ్ళు ఉంటాయి, కిరణానికి కాలు అడ్డం పెడితే డోర్ ఆగి పైకి పోవాలి. 1993 నుంచి తయారైన ఓపెనర్లన్నిటికీ ఇలాంటి రక్షణ ఉండి తీరాలి, మీ ఇల్లు 97ది కాబట్టి ఉండే ఉంటాయి. కాకపోతే మనవాళ్ళు చాలామంది సామాన్లు అడ్డొస్తున్నాయని వాటిని పైకి కట్టేస్తారు, ఇన్‌స్పెక్టర్ మొదట చూసేది అదే.

చప్పుడు గురించి: చాలాసార్లు అది రోలర్ల చప్పుడు. పాత ఇనప రోలర్లు తీసేసి నైలాన్‌వి వేయించి, హింజిలకి గ్యారేజ్ డోర్ స్ప్రే కొట్టిస్తే సగం గోల పోతుంది. స్ప్రింగు మాత్రం సొంతంగా ముట్టుకోవద్దు, యూట్యూబ్ చూసి అసలే వద్దు. డోర్ బరువు 150 నుంచి 250 పౌండ్లు ఉంటుంది, ఆ బరువంతా మెలితిప్పిన ఆ స్ప్రింగులోనే దాగి ఉంటుంది, జారిందంటే చెయ్యి విరుగుతుంది. మామూలు స్ప్రింగు 10,000 సార్లు తెరిచి మూయడానికి తయారవుతుంది, రోజుకి నాలుగుసార్లు లెక్క వేసుకుంటే దగ్గర దగ్గర ఏడేళ్ళు. ఒకటి విరిగితే రెండూ మార్పించండి. ఇరవై తొమ్మిది డాలర్లకే సర్వీస్ కాల్ అని ఫ్లయర్ పడేసి పోయేవాళ్ళని పిలిస్తే స్ప్రింగుతో మొదలుపెట్టి పట్టాలూ మోటారూ అన్నీ పోయాయని 1,800 బిల్లు చేతిలో పెడతారు, కాబట్టి రేటు ముందే రాయించుకోండి.

ఇంకో తలుపు ఎవరికీ గుర్తుండదు. గ్యారేజ్‌లోంచి ఇంట్లోకి వచ్చే తలుపు. గ్యారేజ్‌లో మంటలు లేస్తే ఇంట్లోకి త్వరగా పాకకుండా అది ఒకటీ మూడెనిమిదో వంతు అంగుళాల మందం గట్టి చెక్కదో, స్టీల్‌దో, 20 నిమిషాల ఫైర్ రేటింగ్ ఉన్నదో అయి ఉండాలి. కుక్క కోసం కింద కన్నం కొట్టించినా, పాతది పోయిందని లోపలి గదులకి వేసే బోలు తలుపు పెట్టినా ఇన్‌స్పెక్షన్‌లో పట్టుకుంటారు.

అసలు విషయానికొస్తా. మీ ముందు తలుపు వేసవిలో పట్టేస్తుంది అన్నారు. అది తలుపు గొడవే అని ఎందుకనుకుంటున్నారు? మన నార్త్ టెక్సాస్ నేల నల్ల బంకమట్టి, వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది, దాంతోపాటే ఇంటి కింద పునాదిగా ఉండే శ్లాబూ కదులుతుంది, తలుపు ఫ్రేమ్ మూల తిరుగుతుంది. తలుపు పైమూలల నుంచి గోడ మీద ఏటవాలు పగుళ్ళు ఉన్నాయా? లోపలి గదుల తలుపులు కూడా పట్టేస్తున్నాయా? అయితే 2,700 పెట్టి కొత్త తలుపు బిగించినా వచ్చే ఆగస్టుకి అదీ పట్టేస్తుంది. ముందు ఒక స్ట్రక్చరల్ ఇంజనీర్‌తో చూపించండి, ఫౌండేషన్ రిపేర్ కంపెనీ వాడితో కాదు, ఇంజనీర్‌తో. వాళ్ళిద్దరి రిపోర్టులకీ ఉన్న తేడా నేను చాలా ఇళ్ళలో చూశాను. బాగానే ఉంది అని ఇంజనీర్ ఇచ్చిన కాగితం మీ చేతిలో ఉంటే, ప్లేనోలో పాత ఇల్లు కొనేవాడికి అది కొత్త తలుపు కంటే ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

టాంపా_తుఫాను

ఫ్లోరిడా నుంచి. మీకు సంబంధం లేదు కానీ వేరేవాళ్ళు చదువుతారని రాస్తున్నా. మా దగ్గర గ్యారేజ్ డోర్ అందం కోసం మార్చరు. ఇంట్లో అన్నిటికంటే పెద్ద కన్నం అదే, తుఫానులో అది లోపలికి వంగి ఊడిందంటే గాలి ఇంట్లో దూరి కప్పుని కింద నుంచి ఎత్తేస్తుంది. 1992లో ఆండ్రూ తుఫానులో సౌత్ ఫ్లోరిడాలో చాలా ఇళ్ళు అలాగే పోయాయి, ఆ తర్వాతే ఇక్కడ బిల్డింగ్ కోడ్ గట్టిపడింది. విండ్ రేటెడ్ (తుఫాను గాలిని తట్టుకునే) డోర్ ఉండి, మిగతా కిటికీలకీ రక్షణ ఉంటే ఇన్సూరెన్స్ ప్రీమియంలో డిస్కౌంట్ వస్తుంది, బయ్యర్ అడిగేదీ ఆ రక్షణలన్నీ రాసి ఉండే విండ్ మిటిగేషన్ రిపోర్టే. హ్యూస్టన్ దాటి సముద్రం పక్కన ఉన్నవాళ్ళు కూడా డోర్ కొనేముందు విండ్ రేటింగ్ అడగండి, ఎంత చక్కగా ఉందో తర్వాత చూసుకోవచ్చు.

పసుపు_గడప

అందరూ పెద్ద పెద్ద లెక్కలు చెప్పారు, నాదొక చిన్నమాట అన్నయ్యా. ముందు తలుపు ఉంచినా మార్చినా ఫోటోల ముందు గడప శుభ్రం చేయించండి. మాది అల్యూమినియం గడప, ఏళ్ళ తరబడి శుక్రవారం శుక్రవారం పసుపు రాసీ రాసీ రంగు పట్టేసింది, అమ్మేటప్పుడు ఆ గడప పట్టీ ఒక్కటే మార్పించాం. కొనేవాళ్ళు మనవాళ్ళయితే ఫర్వాలేదు, కాకపోతే తుప్పు అనుకుంటారు. ఎండిపోయిన తోరణాలు కూడా తీసేయండి. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళు తోరణం తీయమంటే మాత్రం కంగారుపడి తీయక్కర్లేదు, టెక్సాస్ ప్రాపర్టీ కోడ్ 202.018 ప్రకారం ఇంటి దగ్గర మతపరమైన అలంకరణని వాళ్ళు మామూలుగా ఆపలేరు.

తలుపు రంగు మారుస్తున్నా కూడా హెచ్‌ఓఏకి అప్లికేషన్ పెట్టాలేమో చూసుకోండి. పాత ప్లేనో ఏరియాల్లో కొన్ని చోట్ల హెచ్‌ఓఏ వాలంటరీ, అసలు అడగరు. మీది ఏదో తెలుసుకోకుండా ఆర్డర్ ఇవ్వొద్దు.

గుంటూరు_టు_ప్లేనో

అందరికీ థ్యాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. చెక్క పరీక్ష చేశాను, డోర్ వెనక్కి లేచింది. సెన్సర్లు సరిగ్గానే ఉన్నాయి. చేత్తో సగం ఎత్తి వదిలితే మాత్రం కిందకి జారుతోంది. కాబట్టి గ్యారేజ్‌కి స్ప్రింగులు, నైలాన్ రోలర్లు, అంతే. సొట్టలు సందువాళ్ళకే వదిలేస్తున్నా.

లోపలి తలుపులు ఏవీ పట్టేయట్లేదు, పగుళ్ళు కూడా కనపడలేదు, అయినా ఇంజనీర్‌ని పిలుస్తున్నాను. ముందు తలుపు మార్చాలా, ఉన్నదానికే పాలిష్ పెట్టించాలా అన్నది ఇంకా తేలలేదు. మా ఆవిడ ఐరన్ డోర్ ప్రాస్పర్‌లో పెట్టించే షరతు మీద ఒప్పుకుంది (పంతులు గారూ, ఈ ఐడియా ఇచ్చింది మీరే, బిల్లు మీకే పంపుతాను). తలుపులకి ఏదో ట్యాక్స్ క్రెడిట్ ఉందని విన్నాను, అదేమైనా ఉపయోగమా?

లెక్కల_పంతులు

ఉండేది. బయటి తలుపుకి ఖర్చులో 30 శాతం, తలుపుకి 250 డాలర్లు మించకుండా, మొత్తం 500 దాకా. అదీ ఎనర్జీ స్టార్ (కరెంటు ఆదా) ప్రమాణాలకి సరిపడే తలుపైతేనే, గ్యారేజ్ డోర్ లెక్కలోకే రాదు. 2025 డిసెంబర్ 31తో ఆ క్రెడిట్ ముగిసిపోయింది, ఆ తర్వాత బిగించినవాటికి లేదు. తలుపు మారిస్తే ఆ బిల్లు దాచి, ఇల్లు అమ్మిన లాభం లెక్క కట్టేటప్పుడు కొన్న ధరకి కలుపుకోవచ్చు, అయితే దంపతులకి 5 లక్షల లాభం వరకు ఎలాగూ పన్ను ఉండదు కాబట్టి మీ కేసులో పెద్ద తేడా రాదు.

పాత_ఇళ్ళ_పిచ్చి

ఇంజనీర్ ఓకే అంటే నా ఓటు పాలిషింగ్‌కే. చెక్క లోపల కుళ్ళిందేమో కింది అంచున స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి, గట్టిగా ఉంటే ఆ తలుపుని కొన్ని వందల డాలర్లలో గీకి, రంగు పట్టించి కొత్తదానిలా చేస్తారు. ఆ గుడ్డు గ్లాస్ ఇప్పుడు పాత ఫ్యాషనే, నిజం. గ్లాస్ ఒక్కటే మార్చి సాదాది వేసే షాపులున్నాయి, అడగండి. స్క్రూడ్రైవర్ మెత్తగా దిగిందంటే ఇక ఆలోచించకుండా మార్చేయండి, కానీ పడమర ఎండకి స్టీల్ కంటే ఫైబర్‌గ్లాస్ మేలు, కొంచెం రేటెక్కువ. మీది 8 అడుగుల ఎత్తు తలుపేమో కొలుచుకోండి, ఆ సైజు షాపులో రెడీగా దొరక్కపోవచ్చు, ఆర్డర్ పెడితే వారాలు పడుతుంది, మార్చి అంటున్నారు కాబట్టి జనవరిలోనే తేల్చుకోవాలి.

గుంటూరు_టు_ప్లేనో

పొడిచాను అన్నా, గట్టిగానే ఉంది. నల్ల రంగు కొట్టించనా? ఈ మధ్య అన్నీ నల్ల తలుపులే కనపడుతున్నాయి.

ఫ్రిస్కో_రియల్టర్_అక్క

ఫోటోల్లో నలుపు చాలా బాగుంటుంది, ఎర్ర ఇటుకకి ఇంకా బాగుంటుంది. కానీ మీది పడమర. తలుపుకి బయట అదనంగా బిగించే అద్దం స్టార్మ్ డోర్ ఏదైనా ఉంటే అది పీకించాకే నలుపు గురించి ఆలోచించండి, రెండిటి మధ్య వేడి చిక్కుకుని కొత్త పెయింట్ ఒక్క వేసవికే పొక్కుతుంది. లేకపోతే ముదురు చెక్క రంగులోనే ఉంచేయండి, మనవాళ్ళకి ఎలాగూ చెక్క తలుపంటేనే ఇష్టం.